నువ్వు దాటుతున్నవు

ఇంద్రేశంలో కొత్త ప్లాట్ల వైపు, మట్టిరోడ్డు చివర, రెండు గదుల ఇల్లు దశరథ్‌ది. ముందు గదిలో కిటికీ పక్కన జ్యోతి కుట్టుమిషన్. పొద్దున దశరథ్ కంపెనీకి పోయాక ఆమె మిషన్ ముందు కూర్చుంటే ఎండ గోడ దిగేదాకా లేవదు. వాడకట్టు ఆడవాళ్ల జాకెట్లు, పిల్లల బడి బట్టలు, కొత్తగా దిగిన అపార్ట్‌మెంట్ల వాళ్ల పరదాలు. మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా దూరంగా బొంబాయి హైవే మీద లారీల హోరు వినిపిస్తుంది. గాలి అటునుంచి తిరిగితే కంపెనీల వాసన కూడా వస్తుంది, కుళ్లిన గుడ్డూ తడిసిన సున్నమూ కలిసినట్టు. ఇక్కడివాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. ఆ కంపెనీల పక్క ఊరు కర్దనూర్‌లో పుట్టి పెరిగిన జ్యోతి అసలే పట్టించుకోదు.

ఆమె మనసులో ముల్లు వేరే ఉంది. మొగుడు కవి. ఆయన కవితల్లో తను లేదు.

దశరథ్ పటాన్‌చెరులో పైపులు చేసే కంపెనీలో మిషన్ ఆపరేటర్. నెమ్మదైన మనిషి. కాగితం మీద రాసే అలవాటు లేదు. మిషన్ దగ్గర నిలబడి నోట్లోనే కవిత కట్టుకుంటాడు, సంగారెడ్డిలో సభ ఏదైనా ఉంటే పోయి వినిపిస్తాడు. జ్యోతిని చేసుకుని మూడేళ్లు. అంతకుముందు ఆయనకొక భార్య, పేరు స్వరూప. అప్పట్లో వాళ్లు ముత్తంగిలో కిరాయికి ఉండేవాళ్లు. చింతచిగురు వచ్చే కాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, కంపెనీ సైరన్ కొట్టే వేళకు మొగుడికి వేడన్నం తెస్తూ, కంపెనీ గేటుకు ఎదురుగా హైవే దాటబోయి స్వరూప లారీ కింద పడింది. గేటు దగ్గర నిలబడి దశరథ్ చూస్తూనే ఉన్నాడు.

ఆయనకు పేరు తెచ్చిన కవిత ఆ మధ్యాహ్నం మీదిదే.

సైరన్ కొట్టింది
లారీలు ఎక్కడియక్కడ్నే నిలబడ్డయి
చేతిల టిఫిన్ డబ్బా, నెత్తిమీద కొంగు
నడిరోడ్డు మీద నువ్వు
దాటుతున్నవు... దాటుతున్నవు...

అంతే. ఆ కవితకు ఆఖరు లేదు. అందులో లారీ రాదు. స్వరూప పడదు. అట్లని ఇవతలికి చేరదు కూడా. దశరథ్ గొంతు సన్నబడుతూ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి అంటుంటే సభలో జనం కళ్లు తుడుచుకుంటారు. ఎవరో ఒకరు లేచి మళ్లీ చెప్పమంటారు. ఆయన మళ్లీ చెబుతాడు.

గోడమీద స్వరూప ఫోటో ఉంది. జ్యోతే దాన్ని తుడుస్తుంది, అమావాస్యకు దండ వేస్తుంది. ఫోటోతో ఆమెకు పేచీ లేదు. ఫోటో రంగు వెలుస్తుంది, అద్దం మీద మరకలు పడతాయి. కవితకు అట్లాంటివేమీ లేవు. మొన్న చెవి పైన మొదటి తెల్ల వెంట్రుక కనబడినప్పుడు జ్యోతి దాన్ని పీకి చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. తన మీద ఏడాదికొక ఏడు పడుతున్నది. స్వరూప మీద పడదు. ఎండలో, కొంగు నెత్తిన వేసుకుని, పడుచు మనిషి అట్లనే నడుస్తుంటుంది.

*

ఆ చలికాలం సంగారెడ్డిలో ఒక సభ జరిగింది. దశరథ్ కవిత్వం మీదనే సభ. ఈసారి తననూ తీసుకుపొమ్మని జ్యోతి అడిగింది. మంచి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఒకాయన దశరథ్ కవితల్లో ప్రేమ గురించీ కాలం గురించీ మాట్లాడాడు. “ఈ కవి ప్రేమించిన మనిషికి గతం లేదు,” అన్నాడు. “వచ్చావు, వెళ్లావు అని ఎక్కడా అనడు. వస్తున్నావు, నవ్వుతున్నావు, దాటుతున్నావు అంటాడు. కాలం అందరినీ తీసుకుపోతుంది. ఈయన మాత్రం ఒక్క మనిషిని దాని చేతికి ఇవ్వనంటున్నాడు.”

జనం చప్పట్లు కొట్టారు. జ్యోతి కూడా కొట్టింది. మరి నన్ను, అనుకుంది. నన్ను ఆ కాలం చేతికి ఎప్పుడో ఇచ్చేసినవు గదా.

సభ అయ్యాక ఒక కాలేజీ పిల్ల దగ్గరకొచ్చింది. “అక్కా, ఆ కవితల ఉన్నది మీరేనా?”

కాదు అనాలి. నోరు తెరిచేసరికి వచ్చిన మాట వేరు.

“అవును,” అంది జ్యోతి.

ఆ పిల్ల సంబరపడి పక్కన నిలబడి ఫోటో దిగింది. తల తిప్పితే వెనకనే దశరథ్. విన్నాడు. ఏమీ అనలేదు. బయటికి పోయి బండి స్టార్ట్ చేశాడు. ఒక్క మాట అన్నా ఆమె ఓర్చుకునేది. ఇంటిదాకా ఆ మౌనం ఎదురుగాలి లెక్క మొఖానికి కొడుతూనే ఉంది.

ఇంట్లోకి వచ్చాక చీర కూడా మార్చుకోకుండా అడిగింది.

“ఆమె ఇంకెన్నాళ్లు దాటుతది?”

“జ్యోతీ, అది కవిత.”

“కవితనే గదా. అయితే అవ్వగొట్టు. ఒక్క మాట పెట్టి అవ్వగొట్టు. ఏండ్లకేండ్లు ఒక మనిషి నడిరోడ్డు మీద నిలబడుతదా? నేను వండిన బువ్వ తింటవు, నా పక్కల పంటవు, నీ కండ్లు మాత్రం ఆ రోడ్డు మీదనే. నేను ఇంట్ల ఉన్ననన్న సంగతన్న నీకు ఎరుకనా?”

దశరథ్ మంచం అంచున కూర్చుని చేతులు చూసుకున్నాడు. జ్యోతి ఎప్పుడూ ఇట్లా మాట్లాడలేదు.

“మంచిది,” అన్నాడు చివరికి. “అవ్వగొడత.”

చాలాసేపు పెదవులు కదిపాడు. జ్యోతి గోడకు ఆనుకుని వింటూ నిలబడింది. పడ్డవు అంటాడేమో, పోయినవు అంటాడేమో అని చూసింది. ఆ మాట ఆయన నోట రాలేదు. వచ్చింది ఇంకోటి.

దాటినవు
ఇవతలికి చేరినవు
డబ్బా మూత తీస్తే
అన్నం ఇంకా వేడిగనే ఉన్నది

“అయిపోయింది,” అన్నాడు, మొఖం చేతుల్లో దాచుకుంటూ.

ఆమె కోరింది ఇది కాదు. అయినా ఆఖరు ఆఖరే గదా అనుకుంది. ఆ రాత్రి దీపం ఆర్పేటప్పుడు ఆమెకు కొంత తేలికగానే అనిపించింది.

*

తర్వాత కొన్నాళ్లకు దశరథ్ అన్నం డబ్బా నిండుగా తిరిగి రావడం మొదలైంది.

మొదట కడుపులో బాగలేదేమో అనుకుంది జ్యోతి. అడిగితే “ఆకలి కాలే” అన్నాడు. మర్నాడు వంకాయ కూర చేసి పంపింది. అదీ అట్లనే వచ్చింది. కానీ మనిషి చిక్కలేదు. బుగ్గలు నిండాయి. ఇంటికొచ్చాక సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. రాత్రి పిలిచి పెట్టినా రెండు ముద్దలకే లేచిపోతున్నాడు, మధ్యాహ్నం కడుపు నిండా తిన్నవాడి లెక్క.

ఒకరోజు చేతులు కడుక్కోవడానికి నీళ్లిస్తుంటే ఆయన వేళ్లనుంచి వాసన వచ్చింది. పుల్లటి వాసన, పచ్చిది, పప్పులో ఉడికింది. జ్యోతికి బాగా తెలిసిన వాసన. కానీ అది ఆ నెలల్లో వచ్చే వాసన కాదు. చొక్కా ఉతకబోతే గుండీ దగ్గర అంటుకుని ఉంది, గోరంత చింతచిగురు ఆకు. లేతది. ఎర్రది.

బయట చలి వణికిస్తున్నది. ఏ చెట్టు మీదా చిగురు లేదు. బజారంతా వెతికినా దొరకదు.

జ్యోతి ఆ ఆకును వేళ్ల మధ్య నలిపింది. ఎవరో వండి పెడుతున్నరు, అనుకుంది. కంపెనీల కొత్తగా చేరిన ఆడది ఎవరో. ఏ ఫ్రిజ్‌లనో దాచి, వండి, ముంగట కూసొని తినిపిస్తున్నది. నా వంకాయ కూర పక్కకు పడేసి. చచ్చినదానితో పోట్లాడలేక ఇన్నాళ్లు ఊకున్న. బతికున్నదానితో ఎందుకు ఊకోవాలె?

మర్నాడు మిషన్ మీద గుడ్డ కప్పి, తాళం వేసి, ఆటో ఎక్కింది.

కంపెనీ గేటు పక్కన పోశమ్మ చాయ్ బండి ఉంది. ముసలామె ఏళ్లుగా అక్కడే చాయ్ అమ్ముకుంటున్నది. పొద్దుటినుంచి పట్టిన మంచు మధ్యాహ్నమైనా విడవలేదు. హైవే మీద లారీలు లైట్లు వేసుకుని పోతున్నాయి. జ్యోతి తను ఎవరో చెప్పి, బెంచీ మీద కూర్చుంది.

“అవ్వా, ఆయన మధ్యాహ్నం యాడ తింటడు?”

పోశమ్మ గ్లాసులు కడుగుతున్నదల్లా ఆగింది. “ఇంటికి పో బిడ్డా.”

“చెప్పవ్వా. ఎవరు తెస్తున్నరు?”

“అదో, ఆ యాపచెట్టు కింద కూసుంటడు. తింటడు. అంతే నాకెరుక.”

“ఎవరు తెస్తున్నరని అడుగుతున్న.”

పోశమ్మ గొంతు తగ్గించింది. “నేను సూడ. సైరన్ కొట్టంగనే అటు మళ్లి కూసుంట. ఆనాడు ఆ పిల్ల మీద బట్ట కప్పింది నేనే బిడ్డా. ఇంకోపారి సూడ.”

జ్యోతికి ఆ మాట సరిగ్గా తలకెక్కలేదు. ఎక్కేలోపలే సైరన్ మోగింది.

గేటులోంచి మనుషులు గుంపుగా బయటికొచ్చారు. హిందీలో అరుచుకుంటూ, నవ్వుకుంటూ చాయ్ బండి చుట్టూ మూగారు. వాళ్ల వెనక దశరథ్. ఎవరినీ చూడకుండా వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డాడు. జుట్టు సవరించుకున్నాడు. రోడ్డు వైపు తిరిగి నవ్వాడు.

ఆ నవ్వు జ్యోతి ఎన్నడూ చూడలేదు. మూడేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా. ఆమె లేచి నిలబడింది. ఆయన చూస్తున్న వైపే చూసింది.

లారీల హోరు తగ్గింది.

ఆగిపోలేదు. లారీలు పోతూనే ఉన్నాయి. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చప్పుడే... ఎవరో దుప్పటి కప్పినట్టు... లోపలికి పోయింది. చాయ్ బండి దగ్గరి నవ్వులు కూడా వినబడడం లేదు. పోశమ్మ అటు మళ్లి కూర్చుంది.

మంచులో ఒకచోట ఎండ కాసింది.

రోడ్డు నడుమ. మనిషి పట్టేంత ఎండ. నడివేసవి ఎండ, తెల్లగా, కళ్లు చిట్లించేంత. ఆ ఎండ కదులుతున్నది. దాని లోపల ఒక ఆడమనిషి నడిచి వస్తున్నది. కొంగు నెత్తిమీద వేసుకుంది. చేతిలో డబ్బా. నుదుటినుంచి చెమట కారుతున్నది. ఒక కాలికి చెప్పు ఉంది. ఇంకో కాలు... కాలిన రోడ్డు మీద పడినట్టు... చురుక్కున లేస్తున్నది.

లారీలు ఆమెలోంచి పోతున్నాయో, ఆమె పక్కనుంచి పోతున్నాయో జ్యోతికి తెలియలేదు.

ఆమె ఇవతలికి వచ్చింది. వేపచెట్టు కింద కూర్చుంది. డబ్బా మూత తీసింది. ఆవిరి లేచింది. చింతచిగురు పప్పు వాసన, దాని వెనకనే ఎండకు కరిగే తారు వాసన... జ్యోతి దాకా వచ్చింది. దశరథ్ గబగబా తింటున్నాడు, చిన్నపిల్లగాని లెక్క. ఆమె మోకాళ్ల మీద గడ్డం ఆనించి ఆయనను చూస్తున్నది.

జ్యోతి బెంచీ అంచు పట్టుకుంది. చేతులు చల్లబడిపోయాయి. ఆ చల్లదనం మధ్యలో కూడా ఒక చోట మండుతూనే ఉంది. ఎంత ముద్దుగ తింటున్నడు, అనుకుంది.

అప్పుడు ఆ మనిషి తల ఎత్తింది. జ్యోతిని కిందినుంచి మీదికి చూసింది. కోపం లేదు ఆ చూపులో. తన చీర ఎవరో కట్టుకుంటే చూసినట్టు చూసింది. చెవి పైన, తెల్ల వెంట్రుక పీకిన చోట ఆగింది.

“అక్కా...”

పెదవులు సరిగ్గా కదలలేదు. మాట మాత్రం జ్యోతి చెవి పక్కనే వినిపించింది. అంత మెల్లగా.

“కొత్తగ ఇల్లు కట్టిండట గదా, అక్కా... ఎటు దిక్కు?”

జ్యోతి నోరు విప్పలేదు. పళ్లు బిగపట్టింది. చెప్పొద్దు, చెప్పొద్దు అనుకుంటూనే ఉంది. కానీ కళ్లు... ఆమె అదుపులో లేవు. పక్కకు తిరిగాయి. ఇంద్రేశం దిక్కు.

స్వరూప నవ్వింది.

ఒక్కసారిగా లారీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. మంచు. చలి. చాయ్ గ్లాసుల చప్పుడు. వేపచెట్టు కింద దశరథ్ ఒక్కడే కూర్చుని వేళ్లు నాకుతున్నాడు. జ్యోతి ఆయనను పిలవలేదు. వచ్చిన ఆటో ఆపి ఎక్కింది. ఇల్లు చేరేదాకా వెనక్కి చూడలేదు.

*

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది.

జ్యోతి తలుపు గడియ పెట్టి, కిటికీ రెక్కలు మూసి, కొవ్వొత్తి వెలిగించి గది మధ్యలో నిలబడింది. ఖాళీ ప్లాట్లలో కీచురాళ్లు అరుస్తున్నాయి. కంపెనీల వాసన గాలిలో మందంగా ఉంది. దూరంగా దశరథ్ బండి చప్పుడు వినిపించింది. మట్టిరోడ్డు మలుపు తిరిగింది. ఇంటి ముందు ఆగింది.

కీచురాళ్లు ఊరుకున్నాయి.

అడుగుల చప్పుడు. ఆయన బూట్లు. ఆ వెనక ఇంకొకరివి. ఒక అడుగు టప్‌మని, ఒక అడుగు మెత్తగా... టప్‌మని, మెత్తగా...

“జ్యోతీ. తలుపు తియ్.”

ఆయన గొంతే.

“ఒక్కనివే ఉన్నవా?” అంది జ్యోతి.

మెట్టు మీద బూట్లు ఇటునుంచి అటు కదిలాయి.

“నిన్నే అడుగుతున్న. ఒక్కనివే ఉన్నవా?”

“శానా దూరం నుంచి వచ్చింది జ్యోతీ,” అన్నాడు దశరథ్ మెల్లగా. “జెర సేపు కూసుంటదట.”

తలుపు కింది సందులోంచి వేడి వచ్చింది. పొయ్యి ముందు నిలబడ్డట్టు పాదాలకు తగిలింది. ఆ సందులో వెలుగు కూడా ఉంది. సందె వెలుగు కాదు. తెల్లటి మిట్టమధ్యాహ్నపు వెలుగు... గీత లాగా.

“అక్కా...” తలుపు చెక్కకు పెదవులు ఆనించి చెప్పినట్టు. “ఎండ మస్తుగున్నది అక్కా...”

కొవ్వొత్తి మంట వంగింది. జ్యోతి రెండు చేతులతో గడియ పట్టుకుంది. ఇనుము కాలుతున్నది. తీస్తే ఏమైతది? ఆమె ఒకటే ఆలోచించింది. తీస్తే ఇంట్లో ముగ్గురు అవుతారు. ముగ్గురిలో ఎక్కువైన మనిషి ఎవరో ఆమెకు తెలుసు. ఆయన ఒక్క మాట కూడా అనడు. సంగారెడ్డిలో అననట్టే.

“ఇంటున్నవా?” అంది తలుపుకు నుదురు ఆనించి. “ఆ ఆఖరు మాట అబద్ధం. ఆమె దాటలే. నీకెరుక. ఆమెకు నిజం చెప్పు.”

“చెప్తే పోతది.”

“పోనీ.”

“నా కండ్ల ముందట్నే పోతది జ్యోతీ. మళ్ల.”

ఆ గొంతు విన్నాక జ్యోతి గడియ మీద చేతులు సడలాయి. ఇన్నాళ్లూ ఆమె ఆ కవితను స్వరూప దిక్కునుంచే చూసి కుళ్లుకుంది. గేటు దగ్గర నిలబడిన మనిషి దిక్కునుంచి ఒక్కసారి కూడా చూడలేదు.

“చెప్పు,” అంది. “ఈసారి ఒక్కనివే సూడవు. తలుపు ఇవతల నేనున్న.”

తలుపు అవతల బూట్లు వెనక్కి తిరిగాయి. తర్వాత దశరథ్ మాట్లాడాడు. కవిత చెప్పే గొంతు కాదు అది.

“స్వరూపా... సైరన్ కొట్టింది. లారీలు నిలబడలే.”

వేడి ఇంకా పెరిగింది.

“ఒక్కటి గూడ నిలబడలే. నువ్వు దాటలే స్వరూపా. నడిమిట్లనే... నువ్వు పడ్డవు.”

బ్రేకు చప్పుడు.

లారీ పట్టని ఆ వాకిట్లో, తలుపుకు జానెడు దూరంలో, లారీ బ్రేకు. పొడుగ్గా, రబ్బరు రోడ్డును చీరినట్టు... జ్యోతి చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయింది. ఆ వెనకనే స్టీలు డబ్బా పడ్డ చప్పుడు. మూత ఊడింది. గుండ్రంగా దొర్లుతూ... దొర్లుతూ... నెమ్మదైంది. ఆగింది.

తలుపు కింద వెలుగు లేదు. చలిగాలి వచ్చింది. కీచురాళ్లు మళ్లీ మొదలుపెట్టాయి.

జ్యోతి గడియ తీసింది. మెట్టు మీద దశరథ్ ఒక్కడే కూర్చుని ఏడుస్తున్నాడు. డబ్బా లేదు, మూత లేదు. సిమెంటు మీద ఒకచోట తారు మెత్తగా అంటి ఉంది, ఒక్క చెప్పు అచ్చు. జ్యోతి ఆయన పక్కన కూర్చుని తల తన భుజానికి ఆనించుకుంది. ఆ తారు గీకి తీసేయడానికి ఆమెకు మర్నాడంతా పట్టింది.

*

తర్వాత ఇల్లు సద్దుమణిగింది.

దశరథ్ ఆ కవిత మళ్లీ ఎక్కడా చెప్పలేదు. సభలకు పిలిస్తే ఒంట్లో బాగలేదన్నాడు. అన్నం డబ్బా ఖాళీగా రావడం మొదలైంది. పోశమ్మ చాయ్ బండి దగ్గర అందరితోపాటు కూర్చుని తింటున్నానన్నాడు. సాయంత్రాలు జ్యోతి మిషన్ పక్కన పీట వేసుకుని కూర్చుంటున్నాడు. సూదిలో దారం ఎక్కించి ఇస్తున్నాడు. ఒకసారి ఆమె చెవి పైన ఇంకో తెల్ల వెంట్రుక చూసి, పీకబోతుంటే చేయి పట్టుకుని ఆపాడు.

జ్యోతి సంతోషంగానే ఉంది. స్వరూప ఫోటోకు మంచి పూలదండ వేసింది. దండ వేస్తున్నప్పుడు ఒళ్లు జలదరించినా వేసింది.

చలి తగ్గాక ఒక ఆదివారం. మధ్యాహ్నం తిని, ఇద్దరూ ముందు గదిలో చాప మీద పడుకున్నారు. కిటికీలోంచి ఎండ కాళ్ల మీద పడుతున్నది.

“నీ మీద ఒకటి కడుతున్న,” అన్నాడు దశరథ్ పైకప్పు చూస్తూ.

వద్దు అనాలి. జ్యోతికి ఆ మాట నాలుక కొసదాకా వచ్చింది. కానీ ఈ మాట కోసం ఎన్నాళ్లు ఎదురుచూసింది. ఆయన సభలకు పోయిన ఎన్ని రాత్రులు వంటింట్లో ఒక్కతే కూర్చుంది. ఆమె కళ్లు ఒక్క క్షణం గోడమీది ఫోటో మీదికి పోయాయి. చూసినవా, అన్నట్టు.

“అందుల ఇంకెవరన్న ఉన్నరా?” అంది.

“లేరు. నువ్వొక్కదానివే.”

“అయిపోయిందా?”

దశరథ్ ఆమె వైపు తిరిగాడు. ఆమె జుట్టులోకి వేళ్లు పోనిచ్చి నిమిరాడు. ఆయన కళ్లలో భయం ఉంది, ప్రేమ ఉంది. ఏది ఎంతో ఆమెకు తెలియలేదు.

“నీదానికి ఎన్నటికి ఆఖరు పెట్ట,” అన్నాడు. “ఒకరిని పోగొట్టుకున్న. సాలు.”

జ్యోతి నవ్వి, “చాయ్ పెడత,” అని లేచింది.

వంటింట్లో గిన్నెలో పాలు పోసి, పొయ్యి ముట్టించింది. నీలం మంట గిన్నె అడుగు చుట్టూ పాకింది. ముందు గదిలో దశరథ్ గొణుగుతున్నాడు. మాటలు తెలియడం లేదు. మాట చివర మాత్రం, ఆ పాత కవితలో లెక్కనే, గోడ దాటి వినిపిస్తున్నది. ...న్నవు ...న్నవు. ఆమె నవ్వుకుంటూ, చాయ్‌పత్తా డబ్బా చేతిలో పట్టుకుని, పాలు కాగడం కోసం చూస్తూ నిలబడింది.

...న్నవు. ...న్నవు.

పాలు ఇంకా కాగలేదు.

మంట పెద్దది చేసింది. గిన్నె మీద చేయి పెట్టి చూసింది. ఆవిరి లేదు. సిలిండర్ అయిపోయిందేమో అని వంగి చూసింది. మంట ఉంది. నీలంగా, నిండుగా ఉంది. కానీ అది కదలడం లేదు. బొమ్మలో మంట లెక్క.

“ఇంటున్నవా?” అని పిలిచింది. “ఒకసారి ఇటు రా.”

ఆయన రాలేదు. గొణుగుడు ఆగలేదు.

“నిన్నే పిలుస్తున్న.”

...న్నవు. ...న్నవు.

జ్యోతి గిన్నెలోకి చూసింది. పాల అంచున ఒక్క బుడగ లేచి ఉంది. చిన్నది. దాని మీద కిటికీ వెలుగు మెరుస్తున్నది. ఇప్పుడు పగులుతుంది అనుకుంది. చూసింది. కళ్లు ఆర్పకుండా చూసింది.

అది పగలలేదు.